భోగరాజు పట్టాభి సీతారామయ్య

భోగరాజు పట్టాభి సీతారామయ్య (నవంబరు 24, 1880 - డిసెంబరు 17, 1959) స్వాతంత్ర్య సమరయోధుడు, వైద్యుడు, పత్రికా సంపాదకుడు, చరిత్రకారుడు, ఆంధ్రా బ్యాంకు వ్యవస్థాపకుడు. 1948లో భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. 1952 నుండి 1957 వరకు మధ్య ప్రదేశ్ గవర్నరుగా పనిచేశాడు. జీవితంలో అధిక భాగం కృష్ణా జిల్లా మచిలీపట్నం (బందరు)లో గడిపాడు.

పట్టాభి పేరు వినగానే చాలామందికి 1939లో సుభాష్ చంద్రబోసు చేతిలో పొందిన ఓటమి గుర్తుకు వస్తుంది. కృష్ణా డెల్టా ప్రజలకు మాత్రం ఆయన సంస్థల నిర్మాతగా ఎక్కువ పరిచితుడు. విద్యాలయం, సహకార బ్యాంకు, వాణిజ్య బ్యాంకు, బీమా సంస్థలు, భూమి తనఖా బ్యాంకు వంటి పలు సంస్థల పుట్టుకలో ఆయన పాత్ర ఉంది. ఈ సంస్థలు నిలబడటానికి మూలధనం ఎంత అవసరమో, పని తెలిసిన ఉద్యోగులు, పని మీద నమ్మకం, పని చేయడానికి అనువైన వాతావరణం కూడా అంతే అవసరమయ్యాయి. అందువలన ఈ వ్యాసంలో ఆయన రాజకీయ జీవితంతోపాటు సంస్థలలో పనివారిని, పనితీరును గురించిన విషయాలకు కూడా ప్రాముఖ్యం ఇవ్వడమైనది.

బాల్యం, విద్యాభ్యాసం

పట్టాభి ప్రస్తుత ఏలూరు జిల్లాలోని గుండుగొలను గ్రామంలో ఒక సామాన్య నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ప్రాథమిక విద్య తరువాత ఏలూరులోను, బందరు నోబుల్ కళాశాలలోను చదివాడు. 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల నుండి పెరిగిన ఈ కళాశాల ఆనాడు తీరాంధ్రలోని ప్రధాన విద్యా కేంద్రాలలో ఒకటి. అక్కడ అధ్యాపకుడుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావం ఆ తరం విద్యార్థులపై బలంగా ఉండేది. క్రమశిక్షణ, నిరాడంబరత, సంఘసేవ అనే మూడు గుణాలను ఆయన తన నడవడి ద్వారానే బోధించేవాడు.

తరువాత పట్టాభి మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పూర్తిచేసి, వైద్యవిద్య అభ్యసించి ఎం.బి.సి.ఎం. పట్టా పొందాడు. వైద్యవిద్య పుస్తకాలతో ముగిసేది కాదు. రోగి పడక పక్కన నిలబడి, అనుభవజ్ఞుడైన వైద్యుని వెంట తిరిగి, చేతితో చేసి నేర్చుకోవలసిన విద్య అది. చదువుకు, చేతిపనికి మధ్య ఉండే ఈ సంబంధం తరువాతి కాలంలో ఆయన పాల్గొన్న విద్యా ప్రయోగంలో కూడా కనిపిస్తుంది.

వైద్యుడుగా బందరులో

చదువు ముగిసిన తరువాత పట్టాభి ప్రభుత్వోద్యోగం కోరక బందరులో స్వంతంగా వైద్యవృత్తి ప్రారంభించాడు. అప్పటికి బందరు క్షీణదశలో ఉన్న పట్టణం. 1611లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచుకొంది. బందరు కలంకారీ అద్దకపు వస్త్రాలు పర్షియాకు, ఐరోపాకు ఎగుమతి అయ్యేవి. యంత్రాలపై నేసిన ఇంగ్లాండు గుడ్డ రావడంతో నేతపని, అద్దకం దెబ్బతిన్నాయి. 1864 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెనలో పట్టణంలోను, పరిసరాలలోను సుమారు 30,000 మంది మరణించారు. రేవు ప్రాముఖ్యత క్రమంగా తగ్గింది.

మరొకవైపు 1855లో విజయవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పూర్తి కావడంతో గుడివాడ, దివి ప్రాంతాలలో వరి సాగు విస్తరించింది. పొలాలలో ధాన్యం పండేది కాని, రైతుకు పెట్టుబడి కావలసి వచ్చినప్పుడు వడ్డీవ్యాపారి తప్ప వేరు దిక్కు ఉండేది కాదు. వృత్తిపనులు తెలిసినవారు పట్టణంలో పని లేక ఉన్నారు. ఇంగ్లీషు చదివినవారు సర్కారు గుమాస్తా ఉద్యోగాల కోసం ఎదురు చూసేవారు. సంపద, నైపుణ్యం, చదువు మూడూ డెల్టాలో ఉన్నా వాటిని ఒకచోట చేర్చే సంస్థలు లేవు. పట్టాభి తరువాతి కృషి అంతా ఈ లోటును పూరించే దిశగా సాగింది.

సుమారు పదేళ్ళు వైద్యం చేసిన తరువాత 1916 ప్రాంతంలో ఆయన వృత్తిని విడిచి పూర్తికాలం ప్రజాజీవితంలో ప్రవేశించాడు.

ఆంధ్ర జాతీయ కళాశాల

1905లో బెంగాలు విభజనకు వ్యతిరేకంగా మొదలైన వందేమాతరం ఉద్యమం 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటనతో ఆంధ్ర ప్రాంతంలో వ్యాపించింది. బందరులో ఈ ఉద్యమానికి ముగ్గురు మిత్రులు నాయకత్వం వహించారు. వారు పట్టాభి, కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, న్యాయవాద విద్య చదివిన కోపల్లె హనుమంతరావు. విదేశీ వస్తువులను బహిష్కరించడంతో సరిపోదని, స్వదేశంలో వస్తువులు తయారు చేయగలవారిని తయారు చేయాలని ఈ ముగ్గురూ భావించారు. దాని ఫలితంగా 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. కోపల్లె హనుమంతరావు న్యాయవాద వృత్తిని వదలి తన జీవితాన్ని ఈ సంస్థకే అంకితం చేశాడు.

ఈ కళాశాలలో సాధారణ విద్యతోపాటు వృత్తివిద్యలు కూడా నేర్పేవారు. నేత, వడ్రంగం వంటి పనులు చదువుకు అనుబంధంగా కాక చదువులో భాగంగా ఉండేవి. జాతీయ పతాక రూపకల్పనతో ప్రసిద్ధుడైన పింగళి వెంకయ్య ఇక్కడ అధ్యాపకుడుగా పనిచేశాడు. బెంగాలు నుండి వచ్చిన ప్రమోద కుమార ఛటర్జీ చిత్రకళ నేర్పాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యులలో ఒకడు.

ఉద్యోగుల శిక్షణ, ప్రేరణ అనే దృష్టితో చూస్తే ఈ కళాశాల చరిత్రలో రెండు పాఠాలు ఉన్నాయి. మొదటిది, ఉద్దేశంపై గౌరవం ఉన్నచోట మనుషులు జీతానికి మించి పనిచేస్తారు. వేరుచోట ఎక్కువ సంపాదించగలిగినవారు కూడా ఇక్కడ పాఠాలు చెప్పడానికి వచ్చారు. రెండవది, ఉద్దేశం ఒక్కటే ఎల్లకాలం సరిపోదు. జాతీయ విద్యాలయాలు ఇచ్చే యోగ్యతాపత్రాలకు ప్రభుత్వ గుర్తింపు లేదు. అవి చూపితే సర్కారు ఉద్యోగం రాదు. ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు విద్యార్థులు చేరేవారు. అది చల్లబడినప్పుడు తల్లిదండ్రులు పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచించేవారు. నిధుల కోసం నిర్వాహకులు నిరంతరం విరాళాలపై ఆధారపడవలసి వచ్చేది. 1922లో హనుమంతరావు చిన్న వయస్సులోనే మరణించాడు. ఒక సంస్థ బరువు అంతా ఒక వ్యక్తి త్యాగంపై నిలిచినప్పుడు ఆ వ్యక్తి తరువాత దాని స్థితి ఏమిటన్న ప్రశ్న బందరు మిత్రుల ఎదుట నిలిచింది.

కళాశాల త్యాగం మీద నడిచింది. పట్టాభి ఆధ్వర్యంలో పుట్టిన ఆర్థిక సంస్థలు అందుకు భిన్నంగా వాటాలు, లాభనష్టాల పట్టీలు, జీతాలు, నియమావళి పునాదిగా ఏర్పడ్డాయి.

సహకార బ్యాంకు

భారతదేశంలో సహకార సంఘాల చట్టం 1904లో వచ్చింది. 1912లో వచ్చిన రెండవ చట్టం గ్రామ సంఘాలకు అప్పులిచ్చే కేంద్ర బ్యాంకుల ఏర్పాటుకు మార్గం కల్పించింది. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు బందరులో ఏర్పడింది. దీని స్థాపనలో పట్టాభి ప్రముఖ పాత్ర వహించాడు.

సహకార బ్యాంకు పద్ధతి సరళమైనది. గ్రామంలోని రైతులు కలసి ఒక సంఘంగా ఏర్పడతారు. సంఘం సభ్యులకు అప్పులిస్తుంది. సంఘానికి కావలసిన సొమ్మును కేంద్ర బ్యాంకు సమకూరుస్తుంది. ఎవరు అప్పు తీర్చగలరు, ఎవరు తీర్చలేరు అన్నది పట్టణంలో కూర్చున్న అధికారి కంటె గ్రామస్థులకే బాగా తెలుస్తుంది. కాని గ్రామ సంఘం కార్యదర్శికి లెక్కలు వ్రాయడం రావాలి, తీర్మానాల పుస్తకం నిర్వహించడం రావాలి, బంధువని ఒకరికి, పరాయివాడని మరొకరికి తేడా చూపకుండా ఉండగలగాలి. అనేక ప్రాంతాలలో సహకార సంఘాలు దెబ్బతినడానికి సొమ్ము కొరత కంటె ఈ శిక్షణ కొరతే ఎక్కువ కారణమైంది. అందుకే సహకార ఉద్యమంలో పర్యవేక్షణకు, కార్యదర్శుల శిక్షణకు మొదటినుండి ప్రాధాన్యం ఉంది.

ఆంధ్రా బ్యాంకు

1906లో మద్రాసులో ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీసింది. దానిలో సొమ్ము దాచుకొన్న వేలాదిమంది నష్టపోయారు. విదేశీయుల కంపెనీ అయితే భద్రమన్న నమ్మకం ఈ సంఘటనతో సడలింది. దక్షిణ భారతదేశంలో స్వదేశీ బ్యాంకుల స్థాపనకు ఇది ఒక ముఖ్య కారణం. మరుసటి సంవత్సరం మద్రాసులో ఇండియన్ బ్యాంకు ఏర్పడింది.

ఆంధ్ర ప్రాంతానికి స్వంత బ్యాంకు ఉండాలన్న ఆలోచనతో పట్టాభి ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు. ఇది 1923 నవంబరు 20న నమోదై, నవంబరు 28న బందరులో వ్యాపారం ప్రారంభించింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఒక జిల్లా పట్టణంలో లక్ష రూపాయల వాటాధనం సేకరించడం ఆనాడు తేలిక పని కాదు. భూమి, బంగారం, ధాన్యం తప్ప వేరే రూపంలో సొమ్ము దాచడం అలవాటు లేని కాలమది.

ఆ రోజుల్లో బ్యాంకు గుమాస్తాలకు ప్రత్యేక శిక్షణాలయాలు లేవు. పని నేర్చుకొనేది బల్ల ముందే. కొత్తగా చేరినవాడు చిట్టా, ఆవర్జా వ్రాయడంతో మొదలుపెట్టి, అనుభవమున్నవారి పక్కన కూర్చొని వడ్డీ లెక్కలు, నగల తాకట్టు, హుండీలు, దస్తావేజుల పరిశీలన ఒక్కొక్కటిగా నేర్చుకోవాలి. సాయంత్రం నగదు నిల్వకు, పుస్తకంలోని నిల్వకు ఒక అణా తేడా వచ్చినా అది తేలేవరకు పని ముగిసినట్లు కాదు. ఖాతాదారుకు బ్యాంకు అంటే దాని మూలధనం కాదు, బల్ల వెనుక కూర్చొన్న గుమాస్తాయే. అతని మాటతీరు, ఖచ్చితత్వం, రహస్యం కాపాడే గుణం మీదనే డిపాజిట్లు ఆధారపడతాయి. కనుక బ్యాంకు వంటి సంస్థలో ఉద్యోగి నైపుణ్యం ఖర్చు పద్దు కాదు, మూలధనంలో భాగం.

1929లో ప్రారంభమైన ప్రపంచ ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధరలు పడిపోయాయి. డెల్టా రైతులు అప్పులు తీర్చలేని స్థితికి వచ్చారు. 1938లో ట్రావన్‌కోర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడటంతో దక్షిణాదిలో బ్యాంకులపై మళ్ళీ అనుమానాలు వచ్చాయి. ఇటువంటి పరీక్షాకాలాలను దాటి ఆంధ్రా బ్యాంకు నిలబడింది.

బీమా సంస్థలు, ఇతర బ్యాంకులు

1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1927లో గుడివాడ ప్రాంతంలోని వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు, 1929లో భారతలక్ష్మి బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ పట్టాభి కృషితో ఏర్పడ్డాయి.

పైకి ఇవన్నీ సొమ్ముకు సంబంధించిన సంస్థలే అయినా వీటిలో పనివారికి కావలసిన నేర్పు ఒకటి కాదు. వాణిజ్య బ్యాంకు కొద్ది నెలలకు అప్పు ఇస్తుంది. భూమి తనఖా బ్యాంకు పాత అప్పులు తీర్చుకోవడానికి, భూమి బాగుచేసుకోవడానికి అనేక సంవత్సరాల గడువుతో అప్పు ఇస్తుంది. అక్కడ పనిచేసేవానికి భూమి విలువ కట్టడం, హక్కు పత్రాలు చదవడం, కాలువ చివరి పొలానికి, మొదటి పొలానికి తేడా గుర్తించడం తెలియాలి.

జీవిత బీమా పని మరీ భిన్నమైనది. బీమా ఏజెంటు కచేరీలో కూర్చోడు. ఊరూరా తిరిగి, చావు ప్రస్తావన అశుభమని భావించే ఇంట్లో, యజమాని తదనంతరం కుటుంబం ఎలా గడుస్తుందో వివరించాలి. అతనికి నెల జీతం కంటె కమీషను ముఖ్యం. కమీషను పనిని వేగవంతం చేస్తుంది. అదే కమీషను తప్పుడు వాగ్దానాలకు కూడా దారితీయవచ్చు. అందువలన ఏజెంటుకు ప్రోత్సాహకంతోపాటు శిక్షణ, సంస్థ ప్రతిష్ఠపై గౌరవం కూడా ఉండాలి. స్వదేశీ బీమా సంస్థల ఏజెంట్లకు ఒక అదనపు బలం ఉండేది. తాము అమ్ముతున్నది పాలసీ మాత్రమే కాదని, దేశం సొమ్ము దేశంలోనే ఉంచే పని చేస్తున్నామని వారు చెప్పగలిగేవారు.

సంస్థలలో తెలుగు

పట్టాభి ఇంగ్లీషులో గొప్ప వక్త, రచయిత. అయినా తాను నెలకొల్పిన సంస్థల ఉత్తరప్రత్యుత్తరాలు తెలుగులో జరగాలని పట్టుబట్టాడు. మాతృభాషాభిమానంతోపాటు దీనికి ఆచరణాత్మక ప్రయోజనం కూడా ఉంది. ఇంగ్లీషు రాని రైతు తనకు వచ్చిన ఉత్తరాన్ని చదివించుకోవడానికి మరొకరి వద్దకు వెళ్ళాలి. అప్పు పత్రంలో ఏమున్నదో తెలియక వేలిముద్ర వేయాలి. తెలుగులో ఉంటే ఇంట్లో చదువుకొన్న పిల్లవాడు కూడా చదివి చెప్పగలడు.

ఉద్యోగి వైపు నుండి చూసినా ఇదే సత్యం. తనకు బాగా వచ్చిన భాషలో పనిచేసేవాడు తప్పులు తక్కువ చేస్తాడు. సందేహం వస్తే అడగడానికి జంకడు. గ్రామ పాఠశాలలో చదివినవాడు కూడా లెక్కల పనిలో ప్రవేశించగలడు. పని వాతావరణం అనగానే గాలి, వెలుతురు, కుర్చీ, బల్ల గుర్తుకు వస్తాయి. పనిచేసే భాష కూడా ఆ వాతావరణంలో భాగమే.

శిక్షణ, ప్రేరణ, పని వాతావరణం

బందరులో ఈ సంస్థలు రూపుదిద్దుకొంటున్న కాలంలోనే పాశ్చాత్య దేశాలలో ఉద్యోగుల ఉత్పాదకతపై అధ్యయనాలు సాగుతున్నాయి. 1911లో అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణ సూత్రాలను ప్రచురించాడు. పనిని చిన్న భాగాలుగా విడదీసి, ప్రతి కదలికకు పట్టే కాలాన్ని కొలిచి, ఎక్కువ ఉత్పత్తి చేసినవానికి ఎక్కువ కూలి ఇవ్వాలని ఆయన సిద్ధాంతం. 1924 నుండి 1932 వరకు చికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో వెలుతురు, విరామం, పనిగంటలు మార్చి ఉత్పత్తిని గమనించారు. ఎల్టన్ మేయో తదితరులు ఆ ఫలితాలను వివరిస్తూ, తమను పట్టించుకొంటున్నారన్న భావన, తోటివారితో ఉన్న సంబంధాలు కూడా పనిని ప్రభావితం చేస్తాయని చెప్పారు. ఆ ప్రయోగాల తీరుపై తరువాతి పరిశోధకులు సందేహాలు వెలిబుచ్చినా, మనిషి కూలి కోసం మాత్రమే పనిచేయడన్న అభిప్రాయం నిలిచిపోయింది.

ఆధునిక నిర్వహణశాస్త్రంలో మూడు అంశాలుగా విడదీసి చెప్పే విషయాలను బందరు సంస్థల చరిత్రలో ఈ విధంగా గుర్తించవచ్చు.

శిక్షణ: జాతీయ కళాశాలలో చేతిపనికి, చదువుకు మధ్య గోడ తొలగింది. బ్యాంకులలో శిక్షణ పనిలో భాగంగా, పెద్దల పర్యవేక్షణలో జరిగింది. దీనివలన ఆంధ్ర ప్రాంతంలో బ్యాంకు పని, బీమా పని తెలిసిన ఒక తరం ఏర్పడింది.

ప్రేరణ: స్వదేశీ భావన తొలి ప్రేరణ. అయితే అది జీతానికి బదులు కాజాలదు. దేశసేవ పేరుతో తక్కువ జీతానికి ఎక్కువ పని ఆశించే ప్రమాదం స్వదేశీ సంస్థలన్నింటిలోను ఉండేది. 1946లో అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం ఏర్పడిన తరువాత జీతభత్యాలు, పనిగంటలు దేశవ్యాప్తంగా చర్చకు వచ్చాయి. దేశం పట్ల అభిమానం, ఉద్యోగి హక్కు ఒకదానికొకటి విరోధం కావని ఆ తరువాతి చరిత్ర చూపింది.

పని వాతావరణం: స్థానిక భాష, స్థానిక పరిజ్ఞానం, ప్రజలకు తెలిసిన నాయకుల పర్యవేక్షణ ఈ సంస్థల ప్రత్యేకతలు. పెద్ద అధికారి వేల మైళ్ళ దూరంలో ఉండే విదేశీ కంపెనీలో లేని చనువు ఇక్కడ ఉండేది.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ ఎక్కువకాలం నిలవవు. జాతీయ కళాశాలకు శిక్షణ, ప్రేరణ ఉన్నా గుర్తింపు, నిధులు లేక కష్టపడింది. అనేక గ్రామ సహకార సంఘాలకు నిధులు అందినా, శిక్షణ పొందిన కార్యదర్శులు లేక దెబ్బతిన్నాయి.

రాజకీయ జీవితం

1916 నుండి పట్టాభి అఖిల భారత కాంగ్రెసు సంఘ సభ్యుడు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకు ప్రత్యేక కాంగ్రెసు శాఖ కావాలని వాదించినవారిలో ఆయన ముఖ్యుడు. 1917లో కాంగ్రెసు దీనికి అంగీకరించింది. 1919 నుండి 1930 వరకు బందరు నుండి జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రికను నడిపాడు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్ళాడు. సంస్థానాల ప్రజల ఉద్యమంలో కూడా ప్రముఖంగా పనిచేశాడు. 1937 నుండి 1940 వరకు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు.

1939 జనవరిలో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష పదవికి జరిగిన ఎన్నికలో గాంధీ మద్దతుతో పోటీచేసి, సుభాష్ చంద్రబోసు చేతిలో సుమారు 200 ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ ఓటమిని గాంధీ తన ఓటమిగానే భావించి ప్రకటన చేయడంతో పట్టాభి పేరు దేశమంతటా వినిపించింది.

1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం తరువాత కాంగ్రెసు కార్యవర్గ సభ్యులతోపాటు ఆయనను అహమ్మద్‌నగర్ కోటలో నిర్బంధించారు. దాదాపు మూడు సంవత్సరాలు అక్కడ గడిపాడు. తరువాత రాజ్యాంగ పరిషత్తు సభ్యుడయ్యాడు. 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించాడు.

భాషాప్రయుక్త రాష్ట్రాల విషయం పరిశీలించడానికి జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభభాయి పటేల్, పట్టాభి సభ్యులుగా జె.వి.పి. కమిటీ ఏర్పడింది. 1949 ఏప్రిల్లో వచ్చిన నివేదిక భాషా రాష్ట్రాలను కొంతకాలం వాయిదా వేయాలని సూచించింది. మద్రాసు నగరాన్ని వదులుకొంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పరచవచ్చునని తెలిపింది. దశాబ్దాలుగా ఆంధ్ర రాష్ట్రం కోరినవాడే ఈ నివేదికపై సంతకం చేయడం తెలుగువారిలో విమర్శకు గురైంది. చివరకు 1953 అక్టోబరు 1న మద్రాసు నగరం లేకుండానే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

రచనలు

1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భంగా వెలువడిన భారత జాతీయ కాంగ్రెసు చరిత్ర ఆయన రచనలలో ముఖ్యమైనది. దీనికి బాబూ రాజేంద్ర ప్రసాద్ పీఠిక వ్రాశాడు. తరువాత రెండవ సంపుటం కూడా వెలువడింది. గాంధీ అండ్ గాంధీయిజం, అహమ్మద్‌నగర్ కోటలోని నిర్బంధకాలపు రచన ఫెదర్స్ అండ్ స్టోన్స్ ఇతర ప్రసిద్ధ గ్రంథాలు. ఇవన్నీ ఇంగ్లీషు రచనలు.

చివరి సంవత్సరాలు

1952లో పట్టాభి మధ్య ప్రదేశ్ గవర్నరుగా నియమితుడయ్యాడు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగి రాజధాని నాగపూరు నుండి భోపాలుకు మారినప్పుడు ఆయనే గవర్నరు. 1957లో పదవీ విరమణ చేశాడు. 1959 డిసెంబరు 17న హైదరాబాదులో మరణించాడు.

సంస్థల తరువాతి చరిత్ర

1956లో జీవిత బీమా వ్యాపారాన్ని జాతీయం చేసినప్పుడు ఆంధ్రా ఇన్సూరెన్సు జీవిత బీమా వ్యాపారం భారతీయ జీవిత బీమా సంస్థలో కలిసింది. బందరులోను, ఇతర చోట్ల శిక్షణ పొందిన ఉద్యోగులు, ఏజెంట్ల అనుభవం ఆ జాతీయ సంస్థకు ఉపయోగపడింది. 1964లో భారతలక్ష్మి బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో విలీనమైంది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. 1981లో క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టి, భారతదేశంలో ఆ రంగంలో ముందు నిలిచిన బ్యాంకులలో ఒకటిగా పేరు పొందింది.

2019 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం బ్యాంకుల విలీనాన్ని ప్రకటించినప్పుడు ఆంధ్రా బ్యాంకు పేరు నిలుపవలసిందని రాష్ట్రంలో పలువురు కోరారు. 2020 ఏప్రిల్ 1న ఈ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. 96 సంవత్సరాల తరువాత ఆ పేరు బోర్డుల మీదనుండి తొలగిపోయింది. సహకార కేంద్ర బ్యాంకు మాత్రం బందరు కేంద్రంగా కొనసాగుతున్నది.

మూల్యాంకనం

పట్టాభి కర్మాగారాలు కట్టలేదు, నిర్వహణశాస్త్ర గ్రంథాలు వ్రాయలేదు. ఆయన సంస్థలలో వాటాదారులు, సంచాలకులు ఎక్కువగా భూవసతి, చదువు ఉన్న వర్గాలవారు. కూలివారికి, స్త్రీలకు వాటిలో లభించిన చోటు స్వల్పం. ఈ పరిమితులు ఆ కాలపు అనేక సంస్థలకు ఉన్నవే అయినా గుర్తించవలసినవే.

అయినా ఒక విషయంలో ఆయన కృషి విశిష్టమైనది. తెలుగువారికి వ్యవసాయం, సర్కారు కొలువు తప్ప సంస్థల నిర్వహణ చేతకాదన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజుల్లో, రేవు పోయిన ఒక పట్టణంలో, స్థానికులనే పనివారుగా చేసుకొని, వారి భాషలోనే లెక్కలు వ్రాయించి, వేలాది కుటుంబాలు తమ కష్టార్జితాన్ని నమ్మి దాచుకోగల సంస్థలను నిర్మించాడు. అవి అప్పటికే సమర్థులైనవారిని వెదకి తెచ్చుకొని పెరిగినవి కావు. సామాన్యులు పని నేర్చుకొని సమర్థులు కావడానికి అవకాశం ఇచ్చి పెరిగినవి. బ్యాంకు పేరు మారినా ఈ అనుభవం విద్యార్థులు, సంస్థల నిర్వాహకులు తెలుసుకోదగినది.